రద్దీ లేని పునీతుడు

"ఏటి బాబూ, ఆ మూల ఏటెతుకుతున్నారు? అందరూ పునీత అంతోనివారి విగ్రహం దగ్గరుంటే!"

చీపురు పట్టుకుని అచ్చియమ్మ కేకేసేసరికి చిన్నారావు ఉలిక్కిపడ్డాడు. చర్చి ఊడ్చి, కొవ్వొత్తులు సర్దే మనిషి ఆమె. అతను బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. చర్చిలో కాలు పెట్టడం ఇదే మొదటిసారి.

"అక్కడ రద్దీ చూశావా? రెండొందల కొవ్వొత్తులు! మన కాయితం ఎప్పటికి పైకొస్తాది? ఈయన దగ్గర ఒక్కటీ లేదు. పెండింగు సున్నా. ఇరవై ఏడేళ్ల సర్వీసమ్మా, ఏ టేబులు దగ్గరికెళ్లాలో నాకు తెలీదేటి?"

ఆ మూల పునీతుడు నిజంగానే ఖాళీగా ఉన్నాడు. ముక్కు మీద దుమ్ము, చేతిలో ఓ కాగితం, వెనక మెట్లు. మిగతా పునీతుల చేతుల్లో పువ్వులూ గొర్రెపిల్లలూ ఉన్నాయి. కాగితం పట్టుకున్నది ఈయనొక్కడే. చిన్నారావుకి అక్కడికక్కడే గురి కుదిరింది.

విషయం క్వార్టరు. పై అంతస్తులో బాల్కనీ ఉన్నదొకటి ఖాళీ అయింది. లిస్టు రేపే. పోటీలో ఇద్దరు, చిన్నారావూ, పక్క టేబులు శంకరరావూ. పదకొండేళ్ల కిందట ఒకే లిస్టులో ఇద్దరికీ క్వార్టర్లు వచ్చాయి. శంకరరావుకి ఎండా గాలీ వచ్చే ఇల్లు, ఇతనికి మెట్ల కిందిది. ఇప్పుడు ఆయనకి బాల్కనీ కూడా కావాలట.

"పదకొండేళ్లు మెట్ల కింద వండేను," అంది భార్య సౌభాగ్య పొద్దున్నే. "పైవాళ్ల బాత్రూం నీళ్లు నా వడియాల మీదే పడతన్నాయి. ఈసారీ రాకపోతే నేను రాజ్‌కిశోర్ నగర్‌లో మా తమ్ముడింటికి ఎల్లిపోతాను. మీరు ఆ చెమ్మతో కాపురం చేసుకోండి."

శంకరరావేమో టీ తాగుతూ, "మీకే వస్తుందండీ. దేవుడి దగ్గర మీ పేరు నేనెప్పుడో చెప్పేశాను," అన్నాడు. ఆ మంచితనానికి చిన్నారావుకి ఒళ్లు మండిపోయింది.

జేబులోంచి దరఖాస్తు తీశాడు. రెండు కాపీలు. జతపరచినది: చెమ్మ గోడ ఫోటో.

"ఒకటి ఈయన పాదాల కింద పెడతాను. రెండోదాని మీద 'ముట్టినది' అని నువ్వో సంతకం పెట్టు."

"దేవుడి పనికి సంతకమేటి బాబూ?"

"రేపు 'మాకు అందలేదు' అంటే?"

అచ్చియమ్మ చీపురు గోడకి ఆనించింది. "ఇంతకీ ఏటి కావాలి?"

"పై అంతస్తు క్వార్టరు. చూడు, ఆయన వెనకే మెట్లు. పైకి పంపించే సెక్షను ఈయనదేనని చూడగానే తెలిసిపోయింది."

అచ్చియమ్మ పగలబడి నవ్వింది. "అయ్యో! ఈయన పునీత అలెక్సిస్ బాబూ. రోములో గొప్పోళ్ల బిడ్డంట. పెళ్లి రోజే ఇల్లొదిలి పోయాడంట. ఏళ్ల తరవాత బిచ్చగాడిలా తిరిగొస్తే కన్నోళ్లే పోల్చుకోలేదు. మెట్ల కింద చోటిచ్చారు. పదిహేడేళ్లు అక్కడే పడున్నాడు."

"సొంతింట్లోనా?"

"సొంతింట్లోనే. పనోళ్లు మీద ఎంగిలినీళ్లు పోసినా నేను ఫలానా అన్లేదు. పోయాక చేతిలో కాయితం చూసి అప్పుడు తెలుసుకున్నారు."

"బతికుండగా ఆ కాయితం ఎవరికీ ఇవ్వలేదా?" చిన్నారావు గొంతులో ఓ హెడ్ క్లర్కు బాధ ఉంది.

"లేదు."

"అచ్ఛా... మరి ఈయన్ని అడిగితే ఏటిస్తాడు?"

"ఉన్నచోటే ఓపిగ్గా పడుండే మనసిస్తాడు. అదే ఆయన మహిమ. అందుకే ఎవరూ ఏటీ అడగరు."

పాదాల దాకా వెళ్లిన దరఖాస్తుని చిన్నారావు గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. బెంచీ మీద కూలబడ్డాడు. పదిహేడేళ్లు. ఆ లెక్కన తనకింకా ఆరేళ్లున్నాయి.

కాసేపటికి అతని మొహం వెలిగింది. ఓ తెల్లకాగితం తీసి మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. దరఖాస్తుదారు: శంకరరావు. విషయం: పై అంతస్తు క్వార్టరు. కింద, 'గట్టిగా సిఫార్సు చేయడమైనది' అని చేర్చాడు. ఇంకొకరి కోసం ప్రార్థించడం అతని జీవితంలో ఇదే మొదలు.

భుజం మీదుగా కూడబలుక్కుని చదివిన అచ్చియమ్మకి కళ్లు చెమర్చాయి. "తోటి ఉద్యోగి కోసమా! మీ రైల్వేవోళ్లందరిదీ ఒకటే మనసు బాబూ."

చిన్నారావు వినయంగా తల వంచాడు. విగ్రహాన్ని కొంచెం పైకెత్తి కాగితం కిందికి తోశాడు. అది లోపలికి వెళ్లలేదు. ఏదో అడ్డం తగిలింది. వేలు పెట్టి లాగితే నాలుగు మడతల పాత కాగితం బయటికొచ్చింది.

విప్పాడు. పక్క టేబులు మీద రోజూ చూసే గుండ్రటి చేతిరాత. 'దరఖాస్తుదారు: చిన్నారావు. విషయం: పై అంతస్తు క్వార్టరు. గట్టిగా సిఫార్సు చేయడమైనది.'

కింద తేదీ చూశాడు. పదకొండేళ్ల కిందటిది.