నిలవని పచ్చిక

"మళ్ళీ తేలింది," అన్నాడాయన, అక్వేరియం ముందు కుర్చీలో కూలబడుతూ.

వంటగదిలో గిన్నెలు చప్పుడవుతూనే ఉన్నాయి.

"నీతోనే చెబుతున్నా. నిన్న నాటిందంతా పైకొచ్చేసింది."

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. రెండు చెప్పుల పెట్టెలు పక్కపక్కన పెట్టినంత గాజు తొట్టి. నీటి మీద సన్నటి గడ్డిపోగులు, మంగలి షాపులో నేల మీద వెంట్రుకల్లా చెల్లాచెదురుగా ఉన్నాయి. అడుగున నల్లటి మట్టి బోసిగా ఉంది.

"మళ్ళీ నాటండి. నాకు టైమైపోతోంది," అని ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. యూనిఫారాలు కుట్టే కంపెనీలో పని. రోజంతా మిషన్ మీదే.

ఆయన గడియారాలు బాగుచేసేవాడు. ఎవరొచ్చినా "ఒక్క నిమిషం" అని గంటసేపు కూర్చోబెట్టేవాడు కాబట్టి వీధి వీధంతా 'నిమిషం మేస్త్రి' అనే పిలిచేది. పోయిన వానాకాలంలో పని బల్ల దగ్గరే పక్షవాతం వచ్చింది. కాలు దారికొచ్చింది గాని, కుడిచెయ్యి రాలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక గిన్నెలో పూసలు పోసి, వేళ్ళతో ఒక్కొక్కటీ తీసి రెండో గిన్నెలో వెయ్యమంది. రెండు రోజులు వేశాడు. మూడో రోజు, "నేనేమన్నా పసిపిల్లాడినా?" అని గిన్నె తోసేశాడు. అప్పట్నుంచీ గోడకేసి చూస్తూ కూర్చోవడమే.

పక్క కొట్లో చేపలమ్మే పాత స్నేహితుడు చూడ్డానికొచ్చి, కళ్ళకు చల్లగా ఉంటుందని ఈ తొట్టి పెట్టిపోయాడు. తొట్టి అడుగంతా తివాచీలా పరుచుకునే గడ్డి ఉంటుందని, అది పట్టుకుంటే చూడ్డానికి రెండు కళ్ళు చాలవని ఆ స్నేహితుడే చెప్పాడు. మేస్త్రికి ఆ మాట పట్టుకుంది. గడియారాల పట్టకారు బయటికి తీశాడు.

మొదట్లో పట్టకారు వేళ్ళ మధ్య నిలిచేదే కాదు. నీళ్ళలో పడేది, తీసేవాడు, తిట్టుకునేవాడు. ఎలాగో సాయంత్రానికి నాలుగు పోగులు గుచ్చితే, పొద్దున్నకి అవీ తేలేవి.

ఆదివారం స్నేహితుడిని పిలిపించాడు.

"నీ మట్టిలోనే ఏదో లోపముందిరా."

"మట్టికేం కాలేదు. అదిగో, ఆ మీసాల చేప. అడుగంతా కెలుకుతుంది. వేరు పట్టేదాకా కాస్త ఓపిక పట్టాలి, ఈలోగా అది కెలికితే ఇంకేం నిలుస్తుంది?"

ఆ చేపంటే మేస్త్రి భార్యకు ఇష్టం. గాజు మీద వేలితో తడితే చాలు, మీసాలాడిస్తూ వచ్చేది.

"తీసుకెళ్ళిపో," అన్నాడు మేస్త్రి. తర్వాత భార్య వంక చూశాడు. "ఏమంటావు?"

ఆమె గాజు మీద వేలితో ఒకసారి తట్టింది. "తీసుకెళ్ళండన్నయ్యా," అని లోపలికెళ్ళిపోయింది. ప్లాస్టిక్ కవర్లో చేప మెట్లు దిగి వెళ్ళేదాకా బయటికి రాలేదు.

మర్నాడు కూడా గడ్డి తేలింది.

"పాపం, చేపను అనవసరంగా పంపేశాం," అన్నాడాయన. పట్టకారు బల్ల మీద పడేశాడు. "ఇక నావల్ల కాదు. విసుగొచ్చేసింది."

"సరే. తొట్టి కూడా అన్నయ్యకే ఇచ్చేద్దాం. మీరు గోడ చూసుకుంటూ కూర్చోవచ్చు."

"అంత మాటంటావా?"

"మీరన్నదేగా."

ఆయన ఆమెకేసి కోపంగా చూసి, పట్టకారు అందుకున్నాడు.

ఆమె పని నుంచి వచ్చేసరికి ఇంకా నాటుతూనే ఉన్నాడు. మోచేతిదాకా తడిసిపోయింది. ఆమె వాచిన కాళ్ళు చాపుకుని పక్కన కూర్చుంది. పట్టకారు రెండు పోగుల్ని పట్టుకుంది, వాలుగా మట్టిలోకి దిగింది, పట్టు మెల్లగా వదిలి అదరకుండా బయటికొచ్చింది. ఆమె చూస్తూ చూస్తూ కూర్చున్నచోటే కునికింది.

ఆ తర్వాత కూడా తేలడం, నాటడం అలాగే సాగాయి. ఒకరోజు ఆమె ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది. మోగి మోగి అలారం ఊరుకుంది. ఆయనే వచ్చి భుజం తట్టాడు.

"లేవవే. ఒకసారి వచ్చి చూడు."

పోగులన్నీ నిలిచే ఉన్నాయి. అడుగంతా లేత పచ్చగా, నారు పోసినట్టుంది.

"వేరు పట్టేసింది," అన్నాడు. ఆ మాటను స్నేహితుడికి ఫోన్‌లో చెప్పాడు, ఎదురింటాయనకు గుమ్మంలోంచి చెప్పాడు, మళ్ళీ ఆమెకే చెప్పాడు. చెబుతూ చెబుతూ చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు. మొన్నటిదాకా ఆ గుండీలు ఆమే పెట్టేది. మెడ దగ్గరి గుండీ ఒక్కటే లొంగక, దాంతో కాసేపు పెనుగులాడి, మాట్లాడుతూనే మెడ ముందుకు చాచాడు. ఆమె పెట్టింది.

"ఇంక నాటే పనే లేదు," అన్నాడు తృప్తిగా.

"అవును," అంది ఆమె.

సాయంత్రం ఆమె వచ్చేసరికి ఆయన కుర్చీలో జారగిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది. పట్టకారు పొడిగా, పెట్టినచోటే ఉంది.

"ఏం చేశారివాళ?"

"ఏముంది చెయ్యడానికి? చూస్తూ కూర్చున్నా."

ఆమె సంచి దించి, చాలాసేపు తొట్టికేసి చూసింది.

"బాగుంది కదూ?" అన్నాడు.

"చాలా బాగుంది," అంది ఆమె. తలుపు వేసి, అలారం సరిచూసుకుని పడుకుంది.

తెల్లవారకముందే లేచి, ఎప్పటిలాగే, ఆ పచ్చికంతా పీకేసింది.