ఇప్పచెట్టు కింద డబ్బా

ఇప్పచెట్టు కింద రామక్క, ద్వాలి చేతిలోని గంపను లాక్కుని నేల మీద బోర్లించింది.

ఎండుపుల్లలు పడ్డాయి. సొట్టలు పోయిన ఒక నూనెడబ్బా, దాన్ని కొట్టే కర్ర పడ్డాయి. ఇప్పపువ్వు మాత్రం ఒక్కటీ పడలేదు.

"పువ్వు ఏడ దాచినవే?"

"పువ్వు లే అక్కా. నేను... అది..." ద్వాలి అడవి వైపు చెయ్యి చూపింది. ఆమెకు వచ్చిన కాస్త తెలుగూ భయంలో నోటికి అందలేదు.

"మరి రోజూ నాకన్న ముందొచ్చి మంటేసుకొని కూసునుడెందుకు? డబ్బా కొట్టి ఎవల్ని పిలుస్తున్నవ్? ఆ మొగమెందుకు దాస్తవ్?"

ద్వాలి చీర చెంగును ఎడమ చెంప మీదికి ఇంకాస్త లాక్కుంది.

ఇంకేం సాక్ష్యం కావాలి? రామక్క డబ్బాను తీసి తుప్పల్లోకి విసిరింది.

ఆ ఇప్పచెట్టు ఆమె అత్తగారి కాలం నుంచి వాళ్ళింటిదే. భర్త జంపయ్యకు కాలు విరిగాక, ఎండాకాలం వస్తే పువ్వు ఏరి సంతకు మోసేది రామక్క ఒక్కతే. ఈసారి పువ్వు తక్కువ దొరుకుతోంది. మబ్బు పట్టి సరిగ్గా రాలలేదని కొందరన్నారు. రామక్క నమ్మలేదు. కిందటేడు ఛత్తీస్‌గఢ్ గొడవలకు జడిసి వచ్చి, వాగు ఒడ్డున గుడిసె వేసుకున్నవాళ్ళు కళ్ళెదుటే ఉండగా మబ్బును ఎందుకు అనడం?

సాయంత్రం ఊరు కూడింది.

"నీ కళ్ళతోటి చూసినవా రామక్కా?" ఊరి పెద్ద వెంకటనారాయణ అడిగాడు. "ఊరికే అంటే కాదు. నువ్వు చూసిన అంటే, తెల్లారంగనే గుడిసె పీకిస్త."

"అవ్, చూసిన. నా పువ్వు ఎత్తుకపోతుంది."

"నేను ముందుగాలనే చెప్పిన గద!" పక్కింటి పిచ్చమ్మ చేతులు తిప్పింది. "మొగం కప్పుకొని తిరిగేదాన్ని నమ్మొద్దని."

ద్వాలి మొగుడు దస్రు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. అటు ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చాక జంపయ్య తనలో తను నవ్వుకున్నాడు.

"ఏందయ్యా నవ్వుతవ్?"

"ఏం లేదే. దొంగతనానికొచ్చేటోళ్ళు ఊరంత లేచేటట్టు డబ్బా కొట్టుకుంట వస్తరా అని."

"నువ్వు నోరు మూసుకొని గంజి తాగు."

అనడమైతే అంది గానీ, తన గంజిని పక్కకు జరిపింది. ఇంతకీ తను చూసిందేమిటి? చెట్టు కింద బూడిద చూసింది. డబ్బా చూసింది. కప్పుకున్న మొహం చూసింది. పువ్వు ఎత్తుకుపోవడం మాత్రం చూడలేదు. చూశానని ఊరందరి ముందూ చెప్పింది.

మర్నాడు మసక వెలుతురులోనే గంప పట్టుకుని బయల్దేరింది. డబ్బా చప్పుడు లేదు. మంట లేదు. చెట్టు కింద నల్లగా ఎవరో వంగి ఉన్నారు.

"మళ్ళొచ్చినవా?" అని అరవబోయింది.

అది తలెత్తింది. గుడ్డెలుగు. మూతి నిండా ఇప్పపువ్వు.

రామక్క వెనక్కి అడుగేసి తుప్పల్లో పడింది. చేతికి చల్లగా డబ్బా తగిలింది. కర్ర దొరకలేదు, రాయి దొరికింది. కళ్ళు మూసుకుని, వేళ్ళు చిట్లేలా కొట్టింది. కొట్టీ కొట్టీ కళ్ళు తెరిచేసరికి చెట్టు కింద తొక్కిడికి నలిగిన పువ్వు తప్ప ఏమీ లేదు.

చెయ్యి ఆగింది గానీ చెవుల్లో చప్పుడు ఆగలేదు. ఇన్నాళ్ళూ ఊరు తిట్టుకుంటూ నిద్ర లేచిన చప్పుడు అదే.

రామక్క గంప అక్కడే వదిలేసి, డబ్బా చంకన పెట్టుకుని, నేరుగా వెంకటనారాయణ వాకిట్లోకి నడిచింది.

"నిన్న నేను అబద్ధం చెప్పిన. నేనేం చూడలే. గుడిసె పీకకుండ పిలగాళ్ళని ఆపు."

"ఏం ఆపుడు? ఇప్పుడే పీకేసొచ్చిన్రు. అయినా మాట మారిస్తే ఊళ్ళె నీ పరువేంగాను?"

"చెప్పింది నేను, మార్చేది నేను. సాయంత్రం అందరి ముంగట మళ్ళ చెప్త. నువ్వు ఊరిని పిలువు. పరువు సంగతి తర్వాత చూసుకుంట."

వాగు ఒడ్డున గుంజలు పీకిన గుంతలే మిగిలాయి. రామక్క ఆగలేదు. వాగు దాటి, చేలకు అడ్డంపడి, ములకలపల్లి రోడ్డెక్కింది. కల్లూరు వైపు మిరపతోటలకు కూలీలను తీసుకుపోయే ట్రాలీ ఆటో అక్కడ ఆగి ఉంది. దస్రు మూటలు ఎక్కిస్తున్నాడు. ద్వాలి అప్పటికే ఎక్కి కూర్చుంది.

"దిగు ద్వాలీ! తప్పు నాది. గుడిసె నేను కట్టిస్త. ఊరితోటి నేను మాట్లాడుత."

ద్వాలి తల అడ్డంగా ఊపింది. ఆమె కంట్లో కోపం లేదు. బెరుకు మాత్రం ఉంది.

రామక్క డబ్బా అందించింది. "ఇది నీది."

"నువ్వే ఉంచుకో అక్కా. రేపు నేను ఉండ. రోజు కొట్టు. పెద్దగ కొట్టు."

"నేను నిన్ను దొంగ అన్న గదనే. నీకు నేనేమైతనని ఇన్ని రోజులు నిద్ర చెడగొట్టుకున్నవ్?"

ద్వాలి తెలుగు మాటల కోసం వెతుక్కుంటూ ఉండగానే ఆటో కదిలింది.

"మా ఊళ్ళ ఇప్పచెట్టు కింద, నాకు ఎవరూ డబ్బా కొట్టలే అక్కా," అంది. గాలికి తొలగిన చెంగును ఆమె ఈసారి సర్దుకోలేదు, ఎడమ కన్ను ఉండాల్సిన చోటు నుంచి మెడ దాకా గోళ్ళు చీరిన చారలే ఉన్నాయి.