సగం షాపు

"ఇచ్చింది తివాచీ. తెచ్చుకున్నది జల్లెడ!"

టీచరమ్మ తన తివాచీని బల్ల మీద దబ్బున పడేసింది.

తివాచీలు ఉతికే ఆ షాపును నడిపేది కోడలమ్మ. మామగారు పెట్టిన షాపు కాబట్టి, ఆయన పోయి మూడేళ్ళయినా వీధి వీధంతా ఆమెను అలాగే పిలుస్తుంది.

తివాచీ అంచున పోగులు లేచిపోయాయి. నడుమ బొటనవేలు దూరేంత కన్నం.

"మళ్ళీ ఉతికి ఇస్తామండీ. అదిగో, గోడ మీద రాసే ఉంది. తృప్తి లేకపోతే రెండోసారి ఊరికే."

"ఉతికితే మరక పోతుంది. కన్నం పోతుందా అమ్మా?"

కోడలమ్మ నోట్లో తేనెకి కొదవ లేదు.

"ఏ పురుగో కొట్టి ఉంటుందండీ. మా ఉతుకుడులో తేడా ఉండదు. దీన్ని చూడండి!" అంటూ గోడకు వేలాడుతున్న ఎర్ర తివాచీని చూపించింది. "మా మామగారు నలభై ఏళ్ళు ఉతికారు. ఒక్క చిరుగు చూపించండి, షాపు రాసిచ్చేస్తాను!"

టీచరమ్మ తల కూడా తిప్పలేదు. తన తివాచీని చంకన పెట్టుకుంది.

"మీ గడప తొక్కితే ఒట్టు" అని మెట్లు దిగిపోయింది.

"ఈ నెలలో ఇది ఐదోది వదినా" అన్నాడు లోపల్నుంచి మరిది. "నా ఉతుకుడు యంత్రాన్ని మాత్రం అనకు."

"నిన్నెవరన్నారు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటావేం?"

అన్నదేగానీ ఆమెకి లోపల దిగులే. వీధి చివర కొత్త షాపు తెరిచారు. ఇంకో నలుగురు ఇలా అలిగిపోతే ఇక్కడ తలుపులకి తాళమే.

అప్పుడు చూసింది, ఎదురింటి మెట్ల మీద ముసలాయన్ని. మాసిన కోటు, ఒళ్ళో గుడ్డసంచి. గబగబా లేచి టీచరమ్మ వెంటపడ్డాడు. ఏదో చెప్పాడు. తివాచీ అందుకుని వెనక్కి తిప్పి చూశాడు. ఇద్దరూ కలిసి మలుపు తిరిగిపోయారు.

"చూశావా అబ్బాయ్! కొత్త షాపు మనిషి. అలిగినవాళ్ళని అటు తోలుకుపోతున్నాడు."

"మొన్న అలిగి వెళ్ళిన డాక్టరుగారి వెంట కూడా వెళ్ళాడు. కానీ డాక్టరుగారు మళ్ళీ మన దగ్గరికే వచ్చారుగా?"

"అది నా మాట మంచితనం!"

మరిది గొంతు తగ్గించాడు. "వదినా, నాన్న పోయేముందు అన్న మాట గుర్తుందా? 'నా సగం షాపు ఎక్కడో దూరాన ఉంది, ఎప్పటికైనా తిరిగొస్తుంది' అని."

"జ్వరంలో పలవరింతలే. నువ్వు పెట్టెలన్నీ బోర్లించావు, కాగితం ముక్కయినా దొరికిందా?"

"ఆ కాగితాలే ఈ ముసలాడి సంచిలో ఉంటే?"

ఇక కోడలమ్మకి అన్నం సయించలేదు. ముసలాయన్ని కనిపెట్టి చూడటానికి ఆ వారం షాపు అద్దం తుడిచినన్నిసార్లు తన మొహమైనా తుడుచుకోలేదు.

ఆరో రోజు ముసలాయన తనంతట తానే లోపలికి వచ్చాడు. చేతిలో తివాచీ లేదు. తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి ఎర్ర తివాచీ అంచు నిమిరాడు.

"ఇది ఇంకా బతికే ఉందే!"

"చెయ్యి తియ్యండి! ఏం కావాలి?"

"ఏమీ వద్దు తల్లీ. ఆ యంత్రం బ్రష్షు కాస్త పైకి ఎత్తించు. నేతని లాగేస్తోంది."

"ఓహో! మా యంత్రం ఆరా కూడా తీశారన్నమాట. మిమ్మల్ని పంపినవాళ్ళకి చెప్పండి, ఇక్కడ పప్పులుడకవని."

"నన్నెవరూ పంపలేదమ్మా."

"మరి మా దగ్గర అలిగినవాళ్ళ వెంటపడటం నా కళ్ళతో నేను చూడలేదూ?"

ఆయన నవ్వాడు. "ఈ తివాచీని ఎప్పుడైనా వెనక్కి తిప్పి చూశావా?"

"మా గోడ సంగతి మీకెందుకు? గడప దిగండి! మళ్ళీ ఆ మెట్ల మీద కనిపించారంటే వీధంతా పోగుచేస్తాను."

ఆయన తివాచీ అంచు ఇంకోసారి నిమిరాడు. సంచి భుజాన వేసుకుని దిగిపోయాడు.

"పీడ పోయింది" అంది కోడలమ్మ.

ఆ తరువాత అలిగి వెళ్ళినవాళ్ళు అలిగే ఉండిపోయారు. ఒక్కరూ తిరిగి రాలేదు. నోట్లో తేనె అంతా ఒలకబోసినా లాభం లేకపోయింది.

ఇరవై రోజులకి ఒక్క టీచరమ్మ వచ్చింది. చంకన రెండు తివాచీలు.

"గడప తొక్కనని ఒట్టు పెట్టారుగా!" అంది కోడలమ్మ ఆశ్చర్యంగా.

"అంత మర్యాద చేశాక ఒట్టేమిటమ్మా? ఇంటికే మనిషిని పంపితిరి. పాపం, రెండు పూటలు నేల మీద కూర్చుని కన్నం పూడ్చాడు. చేతిలో ఏం పెట్టబోయినా పుచ్చుకోలేదు. షాపు తప్పు షాపే దిద్దాలన్నాడు."

"మేమెవర్నీ పంపలేదే..."

టీచరమ్మ పాత తివాచీని వెనక్కి తిప్పింది. కన్నం ఉన్నచోట నువ్వుగింజంత నీలం ముడి.

"అది ఆయన గుర్తట. అలాంటి మనిషిని ఎందుకు మాన్పించారమ్మా? ఆ మధ్య బస్సెక్కుతూ కనిపించాడు. ఏ ఊరని అడిగితే చెప్పలేదు."

కోడలమ్మ పీట వేసుకుని ఎక్కి, ఎర్ర తివాచీని మేకుల నుంచి దించింది. బల్ల మీద బోర్లా పరిచింది.

అంచు నుంచి అంచు దాకా నీలం ముళ్ళే. కొన్ని వెలిసిపోయాయి, కొన్ని పోగులో కలిసిపోయాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టి, మూడో వరసలో ఆపేసింది. మామగారు ఉతికితే, చిరుగులు పూడ్చింది ఆ ముసలాయన చెయ్యి.

అద్దంలోంచి ఎదురింటి మెట్లు ఖాళీగా కనిపిస్తున్నాయి.

పెట్టెలన్నీ బోర్లించి వెతికిన ఆ సగం షాపు తనంతట తానే గడపెక్కి వస్తే, ఆమె తన నోటితోనే దాన్ని దింపేసింది.