ఏడు గాట్లు

"మాట్లాడొద్దమ్మా. మా బాపు వింటున్నడు," అన్నాడు అమరనాథ్.

కొమురమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లో రూపాయలు మార్చే ఆ సరాఫు దుకాణంలో ఈశ్వరయ్య నాణేలు పరీక్షించేటప్పుడు ఎవరూ నోరెత్తకూడదు. ముసలాయన కళ్లు మూసుకుని రూపాయిని నల్లరాతి మీద వేస్తాడు. మోగిన తీరును బట్టి అసలుదైతే ఖరా అనో, నకిలీదైతే ఖోటా అనో చెబుతాడు. మామూలు చెవులకు అన్నీ ఒక్కలాగే మోగుతాయి. నలభై ఏళ్లుగా బజారులో ఆయన మాటకు తిరుగులేదు. పెద్ద పెద్ద షావుకార్లే మారు మాట్లాడరు, శాలిబండలో పాలమ్ముకునే కొమురమ్మ ఎంత?

సోలాపూర్ మిల్లులో ఆమె మొగుడు పెంటయ్య చెయ్యి యంత్రంలో పడింది. ఆస్పత్రిలో డబ్బు కట్టాలి. అక్కడ నిజాం సిక్కా చెల్లదు, ఇంగ్లీషువాళ్ల కల్దార్ రూపాయలే కావాలి. ఉన్న ఒక్క బర్రెనూ అమ్మితే ఇరవై సిక్కాలు వచ్చాయి. మార్చుకుని సాయంత్రం రైలెక్కాలి.

"ఖరా... ఖరా... ఖోటా."

లెక్క తేలింది. ఇరవైలో ఏడు ఖోటా.

ఖోటా అని తేలినదాని మీద ఉలితో గాటు పెట్టడం ఆ దుకాణం కట్టడి. గాటు పడ్డాక ఇంకే దుకాణమూ దాన్ని ముట్టదు. అమరనాథ్ ఉలి అందుకున్నాడు.

"ఆగు సేటూ! బర్రెను కొన్నాయన నా ముంగటనే పెట్టెల నుంచి తీసిచ్చిండు. ఇంకొక్కసారి ఇనుమను, నీ కాల్మొక్త!"

అమరనాథ్ ఒక రూపాయిని తండ్రి చేతిలో మళ్లీ పెట్టాడు. ఈశ్వరయ్య కళ్లు మూసుకున్నాడు. రాయి ఖంగుమంది.

"ఖోటా."

"పెద్ద సేటూ, మా ఆయన పానం పోతది!" కొమురమ్మ గడప మీద కూలబడి భోరుమంది. పాపం, అంత ఏడ్చినా ముసలాయన కళ్లు తెరవలేదు. ఎంత రాతిగుండె అనుకుంది.

రూపాయలు మార్చుకోవడానికి వచ్చిన పురుషోత్తం సముదాయించాడు. "ఊకో అక్కా. ఆయన చెవిని తప్పు పట్టేటోడు ఈ బజార్ల ఇంక పుట్టలె."

అమరనాథ్ తల ఎత్తకుండా ఏడు గాట్లూ పెట్టాడు. మిగిలిన పదమూడింటికీ పదకొండు కల్దార్లు, కాస్త చిల్లర లెక్కగట్టి, గాట్లు పడ్డ ఏడింటితో కలిపి ముందుకు తోశాడు. కొమురమ్మ వాటిని కొంగున ముడేసుకుని, ఎవరిని తిట్టాలో తెలియక, నాంపల్లి స్టేషన్ వైపు నడిచింది.

తండ్రికి చెవులు వినబడక రెండేళ్లయిందని అమరనాథ్‌కు ఒక్కడికే తెలుసు.