సుకద పాతిన గుంజలు

సుకద చేసిన పని లద్ర చచ్చేదాకా మరిచిపోడు. అడక్కుండా, చెప్పకుండా, లద్ర ఉల్లి పొలంలో ఆరు వెదురు గుంజలు పాతాడు సుకద. అడిగితే నవ్వాడు. గట్టిగా అడిగితే ఇంకా గట్టిగా నవ్వాడు.

రెండేళ్ళుగా లద్ర ఊరిపెద్ద చుట్టూ తిరిగాడు. చివరికి ఊరిపెద్ద విసుగెత్తి ఒక మాటన్నాడు.

“ఆదివారం పొద్దున్న నేనే వస్తా. నీ సరిహద్దు ఎరిగినవాడెవడైనా వచ్చి, ఇదీ గట్టు అని నా ముందు చెప్పాలి. చెబితే సుకద గుంజలు పీకేస్తాడు. చెప్పకపోతే ఈ గొడవ ఇక నా దగ్గరికి తేవద్దు.”

ఆ సరిహద్దు ఎరిగినవాళ్ళలో ఇద్దరు పోయారు. మిగిలింది చిన్నాన్న కొడుకు అర్తా. చిన్నప్పుడు ఆ మట్టిలోనే వంగి ఉల్లి నాటినవాడు. ఇప్పుడు దెన్‌పసార్ పట్నంలో బ్యాంకు ఉద్యోగం. అదృష్టం కొద్దీ ఆ శనివారమే పెళ్ళాంతో బాతూర్ సరస్సుకి వచ్చాడు, రెండు రోజులు వేడినీళ్ళలో నాని ఒళ్ళునొప్పులు వదిలించుకుందామని.

లద్ర నేరుగా వేడినీళ్ళ గుండం దగ్గరికే పోయాడు. గంధకం కంపు కొట్టే ఆవిరిలో అర్తా మెడదాకా మునిగి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. లద్ర గట్టు మీద గొంతుకూచున్నాడు.

“తమ్ముడూ.”

అర్తా కళ్ళు తెరవలేదు. “అన్నా, నాలుగు నెలలకి ఒక్క సెలవు దొరికింది నాకు.”

“ఒక్క మాట చెప్పు చాలు. రేపు పొద్దున్న.”

“ఊరంతా నవ్వుతోంది అన్నా నిన్ను చూసి. వదిలెయ్యరాదూ?”

“నీ ఇంట్లో ఎవడో వచ్చి మేకు కొడితే వదిలేస్తావా?”

“ఇల్లు వేరు, ఇది వేరు.”

“ఎలా వేరు? పన్ను కడుతున్నది నేను. ఏటేటా, ఒక్క రోజు ఆలస్యం లేకుండా.”

పక్కన నానుతున్న నలుగురూ కిసుక్కుమన్నారు. అప్పుడే బుట్ట మోసుకుని సుకద వచ్చాడు. గుండం పక్కనున్న హోటలుకి చేపలు పోసేది అతనే.

“ఏం లద్రా, ఉల్లి బాగా ఊరిందా ఈసారి?”

గుండంలో నవ్వులు. లద్ర పళ్ళు నూరాడు. “నా పొలంలోంచి నీ గుంజలు తియ్యి ముందు.”

“నీ పొలాన్ని నేను మింగానా? ఉన్నచోటే ఉంది. కావాలంటే మోసుకుపో.” సుకద అర్తా వైపు తిరిగి నవ్వాడు. “తమ్ముడూ, రాత్రి భోజనానికి చేప నా తరఫున. రేపు పెందరాళే బయల్దేరు సుమా, ఆదివారం ఘాట్ రోడ్డు మీద బళ్ళు ఇరుక్కుపోతాయి.”

రాత్రి హోటలు బల్ల మీదికి మిరపకారంలో ఉడికిన చేప వచ్చింది. అర్తా పెళ్ళాం సుచి వేళ్ళు నాక్కుంటూ తింది. లద్ర ఒట్టి అన్నం కెలుకుతున్నాడు.

“ఒక్క ముక్క వేసుకోండి బావగారూ.”

“సుకద చేప నా గొంతు దిగదమ్మా.”

అర్తా తల ఎత్తలేదు. అతని ముందు ముల్లు ఒక్కటే మిగిలింది. లద్ర ఆ ముల్లు వైపు చూసి, ఇక సాక్ష్యం లేదనుకున్నాడు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

తెల్లవారింది. అర్తా సంచులు కారులో పెడుతున్నాడు. సుచి మాత్రం గుమ్మంలో కదలకుండా నిలబడింది.

“ఎక్కు.”

“మీరు ఆ మాట చెప్పి వస్తే ఎక్కుతా.”

“నీకేం తెలుసని? దానివల్ల ఒరిగేదేం లేదు.”

“ఒరగకపోతే పోనీండి. నిన్న మీ అన్నగారి మొహం చూశారా? రెండు ముక్కలు చెబితే మీ సొమ్మేం పోయింది? ఎవడో పెట్టిన చేప తిని పారిపోయేవాడి పక్కన నేను కూర్చోను.”

అర్తా కారు తలుపు విసురుగా మూసి, లద్రని వెతుక్కుంటూ నడిచాడు.

అన్నదమ్ములిద్దరూ గుంజల దగ్గరికి చేరేసరికి ఊరిపెద్ద, సుకద అక్కడే ఉన్నారు. మంచు ఇంకా విడలేదు. అర్తాని చూసి సుకద మొహంలో నవ్వు చచ్చిపోయింది.

“చెప్పవయ్యా,” అన్నాడు ఊరిపెద్ద.

అర్తా లేచి నిలబడ్డాడు. కాళ్ళు తడబడితే లద్ర అతని నడుం పట్టుకున్నాడు. అర్తా తూర్పున ఆబాంగ్ కొండ కొన చూశాడు. పడమట గుడి శిఖరం చూశాడు. రెండూ ఒకే గీతలోకి వచ్చేదాకా ఆగి, చెయ్యి చాపాడు.

“ఇదీ గట్టు. మా నాన్న ఇటు నాటేవాడు, పెదనాన్న అటు నాటేవాడు. ఈ ఆరు గుంజలూ పెదనాన్న నేలలోనే ఉన్నాయి.”

“ఒట్టు?”

“మా నాన్న మీద ఒట్టు.”

ఊరిపెద్ద నిట్టూర్చాడు. “నీళ్ళు నమలకు సుకదా. పీకెయ్.”

సుకద తిట్టుకుంటూ మొదటి గుంజని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. అది గడగడలాడి, బురదతో సహా ఊడి వచ్చింది.

“గెలిచావు అన్నా,” అన్నాడు అర్తా.

లద్ర పడవ అంచు మీంచి వంగి, సుకద చేపల వల కట్టుకున్న గుంజ లేచిన చోట పైకొస్తున్న బుడగల్నే చూస్తున్నాడు, వాటికి రెండు నిలువుల కింద, ఆరేళ్ళనాడు సరస్సు పొంగి మింగేసిన అతని పొలం, అర ఎకరం పైచిలుకు నేల.