బ్లూమా పేరు

బడుల్లో యూదు ద్వేషమంటే ఏమిటో తేల్చి చెప్పే బిల్లుకి మద్దతుగా మాట్లాడి, శాసనసభ వరండాలోకొచ్చిన డోలన్ టీచర్, తన పాత విద్యార్థిని బ్లూమా తల్లి హడాసాని చూసి ఆగింది.

"ఈ చట్టం అప్పుడే ఉండుంటే, ఆ పిల్లల్ని ఆపేదాన్నమ్మా."

"మా బ్లూమా క్లాసులోకి రాగానే, గ్యాస్ వదులుతున్నట్టు 'స్స్' అనేవాళ్ళు. మీకు వినపడలేదా?"

"వినపడింది."

"ఎందుకంటున్నారో తెలీలేదా?"

టీచర్ తల దించుకుంది. "తెలిసింది. పట్టించుకోకపోతే వాళ్ళే మానేస్తారనుకున్నాను." తలెత్తి, "ఎలా ఉంది బ్లూమా?" అంది.

"కొత్త బళ్ళో టీనా అని చెప్పుకుంటోంది. ఇంట్లోనూ అలాగే పిలవమంటోంది. బ్లూమా అన్నది, హిట్లర్ గ్యాస్ గదిలో పోయిన మా అమ్మమ్మ పేరు."

టీచర్ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. హడాసా వెనక్కి తీసుకుంది.

"ఇవాళ పొద్దున నేను కూడా టీనా అనే పిలిచాను టీచర్. వెంటనే పలికింది."