హాజరు బిళ్ళ

"అమ్మా, మిల్లు తగలబడ్డప్పుడు పోయినవాళ్ళ జాబితాలో నీ పేరుంది!" కూతురు పడీపడీ నవ్వింది.

పాత మిల్లులోనే పెట్టిన మ్యూజియం అది. అద్దం వెనక మసిబారిన ఇత్తడి హాజరు బిళ్ళ, దాని కింద తల్లి పేరు.

గుమాస్తా కంగారుపడ్డాడు. "బూడిదలో దొరికిన బిళ్ళల్ని బట్టి రాశామమ్మా. ఇప్పుడే కొట్టేస్తాను."

"ఆగండి బాబూ. ఆ రోజు నాకు జ్వరం. నాగా పెడితే పని పోతుందని, నా స్నేహితురాలు నా బిళ్ళతో నా బదులు లోపలికెళ్ళింది. వెనకా ముందూ ఎవరూ లేని పిల్ల."

కూతురి నవ్వు ఆగిపోయింది. "ఇన్నేళ్ళూ చెప్పలేదేంటమ్మా?"

"నోరు పెగల్లేదే."

గుమాస్తా పెన్ను తీశాడు. "ఆవిడ పేరేంటమ్మా?"

తల్లి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీ పేరు చెప్పవే," అంది.